గిన్నె తూర్పుకు వంగినప్పుడు

ఒకటో దినం

నా పేరు పసుపుల ఓబులమ్మ. మొగుని పేరు కదిరప్ప, ఇప్పుడు లేడు. నా వయసు డెబ్బై ఆరని కచేరీవాళ్ళు రాసుకున్నారు. అంతకు ఎక్కువే ఉంటుంది గానీ తక్కువ ఉండదు. కాపురం మూగలోయలో, గిన్నెకు పడమటి పక్కనున్న వంటకొట్టంలో. ఇంట్లో నేనొక్కదాన్నే. మేకను కూడా మనిషి కింద రాసుకుంటే ఇద్దరం.

నాకు చదువు లేదు. నేను చెబుతుంటే రాస్తున్నది సంహిత అనే పాప. విశ్వవిద్యాలయంలో నక్షత్రాల చదువు చదువుతోంది. ఆమెకు ఇది ఆఖరి ఏడాది. చెప్పింది చెప్పినట్టు రాయమన్నాను. తిట్లు మాత్రం తీసేస్తానంది. సరే అన్నాను.

కచేరీ పెద్దలు నా మీద ఒక తీర్మానం చేసి చదివి వినిపించారు. వచ్చే చదువుల కాలం నుంచి లోయలో వంటకొట్టం ఉండదట. పిల్లలకు కిందినుంచి పొట్లాల తిండి వస్తుందట. లోయలో ఎలా మసలుకోవాలో, చదువు ఎలా సాగించుకోవాలో ఒక పలక మీద అచ్చువేసి గోడకు తగిలిస్తారట. కాబట్టి ఓబులమ్మ అవసరం లేదు, ఆమెను కింద ముసలివాళ్ళ ఇంటికి పంపి, అందరికీ ఉన్నట్టే చెవిలో పూస పెట్టించి సుఖంగా ఉంచుతామని అందులో ఉంది. సుఖంగా అనే మాట రెండుసార్లు వచ్చింది. అభ్యంతరం ఉంటే చెప్పుకోవచ్చన్నారు.

ఉంది. చెప్పుకుంటున్నాను. ఒక్కరోజులో అయ్యేది కాదు. పాపకు తీరికైనప్పుడల్లా కొంచెం కొంచెం చెబుతాను.

రెండో దినం

నేను చేసే పనేమిటో కచేరీలో ఎవరికీ తెలియదని తీర్మానం విన్నప్పుడే అర్థమైంది. వంట అనుకున్నారు. నా పనిలో తేలికైనది వంట.

వానలు వెనకబట్టాక కొత్త పిల్లలు వస్తారు. గేటు దగ్గర వాళ్ళ చెవిలోని పూస తీసి రాగి డబ్బాలో వేసి మూత బిగిస్తారు. పురిటి మంచం మీద పెట్టిన పూస అది. అడిగింది చెబుతుంది, అడగనిదీ చెబుతుంది, జోకొడుతుంది, బుజ్జగిస్తుంది. కింద నేల మీద ఎవరి చెవిలో చూసినా అదే. అన్ని కోట్ల పూసలు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే రొదలో ఆకాశం మాట వినబడదు. చుట్టూ కొండలు అడ్డం ఉండబట్టి వినడానికి ఈ లోయ ఒక్కటి మిగిలింది. అందుకే ఇక్కడ పెద్ద గిన్నె పెట్టారు. అది ఆకాశం వైపు నోరు తెరుచుకొని, కావలసిన దిక్కుకు మెడ వంచి వింటుంది. అది వింటున్నంతసేపు లోయ మూగగా ఉండాలి.

పూస తీయించుకున్న పిల్ల గేటు నుంచి నా కొట్టం దాకా నడిచి వచ్చే తీరులోనే ఏ రకమో తెలిసిపోతుంది. నవ్వుకుంటూ వచ్చేవాళ్ళు నాలుగు రోజులు ఆగి ఏడుస్తారు. కొందరు తల ఒక పక్కకు వంచి, ఎవరో పిలిచినట్టు ఆగి ఆగి వస్తారు. నిన్నెవరూ పిలవలేదులే పాపా, రా అంటాను. కూర్చోబెట్టి ముందు రాగిపిండి జల్లెడ చేతికిస్తాను. చేతికి పని తగిలితే చెవి కాస్త ఊరుకుంటుంది. ఈ సంహితకు కూడా అదే ఇచ్చాను. మొదటి రోజు పిండంతా ఒడిలోనే జల్లించుకుంది. ఇది రాయనా అని అడుగుతోంది. రాయి.

తర్వాత చెప్పవలసినవి చెబుతాను. గిన్నెగదిలో వరసగా రెండు వంతులు కూర్చోవద్దు. రెండో వంతుకు లేనివి కూడా కళ్ళకు కనబడతాయి. ఆకలితో అంకెల ముందుకు పోవద్దు. అర్థం కానిది అయ్యవారిని ఆ పూటే అడుగు, ఒక రోజు దాటితే సిగ్గు ముదిరి నోరు రాదు. పక్కపిల్ల పని నీ పనికన్నా ముందు పోతోందని నిద్ర మానుకోవద్దు, ఆమె వినేది వేరే దిక్కు. ఏమీ వినబడలేదా, ఏమీ వినబడలేదని రాసిపెట్టుకో, అది కూడా చదువే. నిరుడు ఒక పిల్లవాడు గిన్నె తన దిక్కుకు తిరిగినన్నాళ్ళూ వట్టి నిశ్శబ్దమే విని, నా దగ్గరికొచ్చి పొయ్యి ముందు ముడుచుకొని కూర్చున్నాడు. వాడి చొక్కాలు ఉతికించి, సంగటి తినిపించి, మళ్ళీ పంపాను. ఆ దిక్కున ఏమీ లేదని తేల్చి చెప్పినందుకే వాడికి పట్టా వచ్చింది.

అన్నిటికన్నా పెద్దది ఇంకొకటుంది. కొత్తది వినబడితే ముందు ఇల్లు వెతుకు. ఆకాశం ఎక్కడికీ పోదు. ఈ మాట నాది కాదు, ముందున్న అయ్యవారిది. ఆయన కాలంలో ఒకసారి గిన్నెలో పెద్ద చప్పుడు పట్టి పిల్లలంతా ఎగిరి గంతులేశారు. ఆయన టార్చి పట్టుకొని ప్రతి కొట్టం, ప్రతి తీగ వెతికి, నీళ్ళ మోటారులో అరిగిపోయిన ముక్క పట్టుకొచ్చి వాళ్ళ ముందు పెట్టాడు. ఆయన పోయాక ఈ మాట చెప్పేవాళ్ళు లేరు. నేను చెబుతున్నాను.

ఇవన్నీ పలక మీద అచ్చువేయవచ్చు. వేసుకోండి. ఏ పిల్ల రెండు పూటలుగా తినలేదో పలకకు తెలియదు.

నాలుగో దినం

ఈ ఏడు లోయలో చదువుకునే పిల్ల ఒక్కతే, ఈ సంహిత. నా మొదటి రోజుల్లో బంతికి ఇరవై మంది కూర్చునేవాళ్ళు. పూస తీసి ఉండగలిగేవాళ్ళు ఏడాదికేడాది తగ్గిపోయారు. ఇప్పుడు అయ్యవారు వేదాచలం గారు, సంహిత, గేటు కాపలావాడు, నేను. నెలకొకసారి సరుకుల బండి తోలుకొచ్చే మస్తాన్. అంతే.

నా ఊరు ఈ లోయలోనే ఉండేది. గిన్నె వచ్చినప్పుడు పూస లేకుండా ఉంటామన్నవాళ్ళు ఉండొచ్చన్నారు. ఇంటి వెనక ఇల్లు ఖాళీ అయింది. నా మొగుడు కదిరప్ప పూస మోజు ఉన్నవాడు కాదు. సంతకు కిందికి పోయినప్పుడు ఒకసారి పెట్టి చూశాడు. ఆ తర్వాత ఇక్కడ అతనికి నిద్ర పట్టలేదు. వస్తూ పోతూ ఉంటానని దిగిపోయాడు. గేటు దాకా వచ్చేవాడట. పూస తీయడానికి చెయ్యి రాక, అక్కడే కాసేపు కూర్చొని తిరిగి పోయేవాడట. ఈ సంగతి అతను చచ్చిపోయాక కాపలావాడు చెప్పాడు. ఓబులా అని పేరు పెట్టి పిలిచే మనిషి ఆ తర్వాత లేడు. వచ్చే పిల్లలందరికీ నేను అవ్వనే.

ఇదంతా నా కేసుకు అవసరమా అని పాప అడుగుతోంది. అవసరమే. కింద నన్ను పెట్టబోయేది ఎక్కడో వాళ్ళకు తెలియాలి.

సంహిత వంతు సంగతి చెబుతాను. ఆమె వినేది తూర్పుగండి మీదుగా పైకొచ్చే ఒక చిన్న తావు. ఆ తావు రోజూ ఒకే వేళకు రాదు, కొంచెం కొంచెం ముందుకు జరుగుతుంటుంది. కాలం మొదట్లో సాయంత్రాలు వచ్చేది, ఇప్పుడు మధ్యాహ్నానికి జరిగింది. నాకు గడియారం పనికిరాదు. నా వాకిలి నుంచి గిన్నె కనబడుతుంది. అది తూర్పుకు మెడ వంచిందంటే ఈ పాప వంతు మొదలైనట్టు. వెంటనే పొయ్యి వెలిగించి రాగిజావ పెడతాను. ఆమె వచ్చేసరికి తాగే వేడికి వస్తుంది.

అందరికీ వండేటప్పుడు కట్టెలపొయ్యే, దాని బూడిదలో నిప్పు ఎప్పుడూ కప్పెట్టి ఉంటుంది. ఒక్కరి జావకు అంత పొయ్యి ఎందుకని చిన్న గ్యాసుపొయ్యి వాడతాను. చేతులు వణికి అగ్గిపుల్ల గీయలేకపోతున్నానని మస్తాన్ ఈ వానల్లో ఒక లైటర్ తెచ్చిచ్చాడు. దానితో వెలిగిస్తాను. లైటర్ అంటే ఏమిటని పాప ఇప్పుడే అడిగింది. గోడకు వేలాడుతోంది చూడమన్నాను. చూసి, ఇన్నాళ్ళూ గరిటె అనుకున్నానంది. వాళ్ళ ఇళ్ళలో మంట చూసి ఎంత కాలమైందో.

ఈ పాపకు మొదటి రెండేళ్ళు ఏమీ వినబడలేదు. ఈ కాలం మొదలైన కొద్దిరోజులకే వినబడింది. గిన్నె అటు తిరిగిన కాసేపటికి చిటపటమని కొన్ని చిటుకులు, ఆ తర్వాత నిశ్శబ్దం. మర్నాడు కూడా అంతే. ఆ తావు దాటి పక్కకు తిప్పితే ఏమీ లేదు. ఆ రోజు జావ తాగకుండా గ్లాసు రెండు చేతుల్లో పట్టుకొని నిలబడింది.

"మనం చూడగానే పలుకుతుందవ్వా. నేను వచ్చేదాకా కాచుకొని ఉన్నట్టు."

"ఇల్లెతికినావా?" అన్నాను.

మోటారు వెతికిందట, తీగలు, కంచె, గిన్నె మెడలోని ఇరుసులు, అయ్యవారి పెట్టెలు, కాపలావాడి జేబులు కూడా వెతికిందట. వాడి జేబులో వక్కపొడి దొరికింది. ఇంకేం అన్నాను. నేనూ సంతోషపడ్డాను.

ఆరో దినం

అయ్యవారు తొందరపడే మనిషి కాదు. చూడగానే పలికేదేదైనా అనుమానించాల్సిందే అన్నాడు. ఒకరోజు పాపను గదిలోకి రానివ్వకుండా ఆమె వంతులో తానే కూర్చున్నాడు. నాకు ఆ సంగతి తెలియదు. గిన్నె తూర్పుకు వంగింది, నేను జావ పెట్టాను. తీసుకుపోతే గదిలోంచి ఆయన వచ్చాడు.

"ఇది నాకా ఓబులమ్మా?"

"నీకు కాదయ్యా. ఐనా తాగు, పారబోయలేను కదా."

తాగాడు. ఆయన మొహం వెలిగిపోతోంది. పాప లేకపోయినా అది పలికిందట. ఇక అనుమానం లేదన్నాడు. ఈ నెలాఖరున కింద పెద్ద సభలో సంహిత దీన్ని చెబుతుంది. దానితో ఆమెకు పట్టా వస్తుంది, లోయకు పేరు వస్తుంది, మళ్ళీ పిల్లలు వస్తారని ఆయన లెక్క. పిల్లలు వస్తే వంటకొట్టం ఎందుకు మూస్తారని నా లెక్క. నా కేసులో దీన్ని కూడా రాయమన్నాను. ఈ కొట్టంలో తిండి తిన్న పిల్లే దాన్ని విన్నదని రాయమన్నాను. పాప సిగ్గుపడింది గానీ రాసింది.

తొమ్మిదో దినం

ఈ రోజు కచేరీ గుమస్తా పురుషోత్తం వచ్చాడు. నా కొట్టం కొలుస్తాడట. నేను చెప్పుకునేది చెప్పుకుంటూనే ఉన్నాను, వీళ్ళు కొలుచుకుంటూ పోతున్నారు. మధ్యాహ్నమంతా వాడితోనే సరిపోయింది. టేపు ఒక కొస మేక నమిలింది. ఈ మేక ఎవరిదని అడిగాడు. కచేరీదే, అది నమిలింది కూడా కచేరీ టేపే అన్నాను.

వాడు చెడ్డవాడు కాదు. కింద మంచం, మెత్తటి పరుపు, వేళకు తిండి ఉంటాయని చెప్పాడు. పూస నాకు కథలు చెబుతుందన్నాడు. కావాలంటే కదిరప్ప గొంతుతో కూడా చెబుతుందన్నాడు. ఒంటరిగా ఉన్నట్టే అనిపించదు పెద్దమ్మా అన్నాడు.

"నాకు ఒంటరిగా ఉందని నీకెవురు చెప్పినారప్పా?"

ఉంది. వాడికి చెప్పలేదు, ఇక్కడ చెబుతున్నాను. పాపా, ఉంది అని రాయి. గొంతు అరువు తెచ్చి పోగొట్టుకునే ఒంటరితనం కాదని కూడా రాయి.

ఈ గొడవలో ఈ రోజు జావ పెట్టలేదు. గిన్నె తూర్పుకు వంగడం చూశాను గానీ వాడిని ఇంట్లో వదిలి పొయ్యి దగ్గరికి పోబుద్ధి కాలేదు. వాడు పోయాక పాప రాయడానికి వచ్చింది. మొహంలో నెత్తురు లేదు.

"ఏమైందే పాపా?"

ఈ రోజు అది పలకలేదట. వంతు మొత్తం కాచుకున్నా ఒక్క చిటుకు రాలేదట. సభ దగ్గరికొస్తుంటే ఇట్లా అయిందని, మళ్ళీ పలకకపోతే ఏం చేయాలని ఏడ్చింది. ఆ చిటుకులు ఏ వరసలో పడతాయో నాకు అంతవరకు తెలియదు. వాళ్ళు దాన్ని కాగితం మీద గీతలుగా చూస్తారు, నాకు గీతలు తెలియవు. ఎట్లుంటుందో నాకు వినిపించమని అడిగాను. గోటితో నా కంచం మీద కొట్టి చూపించింది. రెండు చిటుకులు, కాస్త ఆగి ఒకటి, మళ్ళీ గబగబా మూడు నాలుగు, ఆగి మళ్ళీ ఒకటి. ప్రతిసారీ ఒకే లెక్క ఉండదంది. కానీ ఈ తడబాటు మాత్రం ఎప్పుడూ ఉంటుందంది.

ఇక చాలు, ఈ పూటకు రాయడం ఆపమన్నాను.

పదో దినం

ఈ రోజు ఏమీ చెప్పలేదు, ఇది మర్నాడు రాయించింది. తలనొప్పి అన్నాను. తలనొప్పి లేదు. జావ కట్టెలపొయ్యి మీద పెట్టి పంపాను. పాప తిరిగొచ్చి ఈ రోజు కూడా పలకలేదంది.

పదకొండో దినం

ఇప్పుడు చెప్పేదాన్ని కూడా రాయాలని పాపతో ముందే ఒట్టు వేయించుకున్నాను. ఒట్టు వేసింది, చెప్పాక రాయనంది. కలం కింద పెట్టేసింది. మధ్యాహ్నం దాటాక మళ్ళీ తీసుకుంది. అప్పటినుంచి రాస్తున్నది ఇది.

ఆమెను పొయ్యి దగ్గరికి పిలిచాను. గోడ మీది లైటర్ తీసి, పొయ్యి విప్పకుండా వట్టిదాన్నే నొక్కాను. నా చెయ్యి వణుకుతుంది కదా. రెండుసార్లు నొక్కాక వేలు జారింది. ఆగి ఒకసారి. మళ్ళీ గబగబా. మళ్ళీ ఆగి ఒకటి. నొక్కినప్పుడల్లా దాని నోట్లో చిన్న నీలం మెరుపు పడుతుంది.

పాప మళ్ళీ నొక్కమంది. నొక్కాను. నా చేతిలోంచి తీసుకొని తిప్పి చూసింది. ఎక్కడా బ్యాటరీ లేదు, తీగ లేదు. గేటు దగ్గర కాపలావాడు తిప్పే కర్ర పూసలను పట్టుకుంటుంది. నొక్కనంతసేపు ఇది దానికి వట్టి ఇనుము. నొక్కినప్పుడు పడే మెరుపు ఉరుములోని మెరుపుకు తమ్ముడట, గిన్నెకు దాని చప్పుడు దిక్కులన్నిటి నుంచీ వినబడుతుందట. ఇది పాప నాకు విడమరిచి చెప్పింది.

గిన్నె తూర్పుకు వంగితే నేను నొక్కుతాను. వంగకపోతే నొక్కను. అయ్యవారు కూర్చున్న రోజు కూడా వంగింది కాబట్టి నొక్కాను. గుమస్తా వచ్చిన రోజు నొక్కలేదు.

"అందరి ఇండ్లూ ఎతికినావు. ఈ ఇల్లెందుకు ఎతకలేదే?"

"నీ ఇల్లు వెతకాలని నాకు తోచలేదవ్వా."

అంతే అంది. వెతకమని నేర్పిన మనిషి ఇంట్లో ఏముంటుందని అనుకుందేమో. నేనైనా నా కొట్టం చూడమని చెప్పలేదు. నాకూ తోచలేదు.

తర్వాత పాప నాతో వాదించింది. ఇది రాస్తే లోయ మూగతనం చెడగొట్టిన మనిషివని నిన్ను ఈ వారమే దించేస్తారంది. నీ కేసు నువ్వే పాడుచేసుకోవద్దంది. లైటర్ బావిలో పడేద్దాం, ఆ చుక్క ఇక పలకలేదని అయ్యవారితో చెబుతాను, నక్షత్రాలు అట్లా ఆగిపోవడం కూడా ఉంటుందంది. చెప్పేటప్పుడు నా మొహం చూడలేదు.

"అప్పుడు నీకు పట్టా ఇస్తారా?"

"ఇవ్వొచ్చు. ఇన్నాళ్ళు పలికింది కదా, కాగితాలున్నాయి."

"ఎవురు పలికింది పాపా?"

ఆమె మొహం చేతుల్లో దాచుకుంది. రెండేళ్ళు ఏమీ వినబడక, మూడో ఏట వినబడిన ఒకే ఒక్కటి ఇది. నిరుటి పిల్లవాడిలా ఏమీ లేదని తేల్చాలన్నా, ఈ కాలమంతా లైటర్ చప్పుడుతో పాడైంది, ఇంకొక ఏడాది వినాలి. ఇది పోతే ఆమె వట్టి చేతులతో దిగిపోవాలి. వాళ్ళ ఇంట్లో పూస లేకుండా ఇన్నాళ్ళు ఉన్నదాన్ని వింతగా చూస్తారట. ఏం తెచ్చావని అడుగుతారట. ఇది కూడా నాకు తెలుసు. తెలిసే చెప్పాను. సభలో వందమంది ముందు నిలబడి ముసలిదాని వణుకుడు వేలును చుక్క అని చెప్పి, ఎన్నటికైనా బయటపడితే ఆ పిల్ల ఇంకెప్పుడూ ఆకాశం వైపు తలెత్తలేదు.

ఒక మాట నేను ఆమెకు చెప్పలేదు. ఇప్పుడు రాయిస్తున్నాను కాబట్టి చెప్పినట్టే. నువ్వు వచ్చేదాకా కాచుకొని ఉందన్నావే, అది అబద్ధం కాదు. నువ్వు అనుకున్నంత దూరంలో లేదు, అంతే.

ఇక్కడ పాప మళ్ళీ కలం కింద పెట్టింది.

పదమూడో దినం

నేనే పోయి అయ్యవారికి లైటర్ సంగతి చెప్పాను. నేను చెప్పడమే చాలదని ఆయన అన్నాడు. ఓబులమ్మ మాట మీద చుక్కను ఒప్పుకోలేదు, ఓబులమ్మ మాట మీద కొట్టేయనూ లేము అన్నాడు. ఆ మాట నాకు నచ్చింది. ముందున్న అయ్యవారు కూడా అలాగే అనేవాడు.

గిన్నెను దక్షిణానికి, ఏమీ లేని తావుకు తిప్పారు. పాప గదిలో కూర్చుంది. అయ్యవారు వాకిట్లో తుండుగుడ్డ పట్టుకొని నిలబడ్డాడు. నేను కొట్టంలో లైటర్ పట్టుకున్నాను. ఆయన గుడ్డ దించితే నొక్కాలి, ఎత్తితే ఆపాలి. ఎప్పుడు దించుతాడో పాపకు చెప్పలేదు. ఒకసారి ఆయన గుడ్డ దించి, చెమట తుడుచుకోవడానికి ఎత్తాడు. నేను ఆపాను. మళ్ళీ దించాడు. మొత్తం మీద నాకు చెప్పినట్టే నేను చేశాను, ఆయనే తికమకపడ్డాడు.

తర్వాత గిన్నెను తూర్పుగండికి వంచారు. నన్ను చేతులు ఒడిలో పెట్టుకొని కూర్చోమన్నారు. వాకిట్లోంచి గిన్నె మెడ వంగడం చూస్తూ పొయ్యి వెలిగించకుండా కూర్చోవడం ఇదే మొదలు. చేతులు ఊరుకోలేదు. మేక చెవులు నిమిరాను.

పాప బయటికి వచ్చింది. గుడ్డ దించినప్పుడల్లా దక్షిణాన పలికిందట, ఆయన చెమట తుడుచుకున్నప్పుడు ఆగడం కూడా తెలిసిందట. తూర్పున మాత్రం వట్టి నిశ్శబ్దం.

అయ్యవారు వాకిలి అరుగు మీద కూలబడ్డాడు. సంహిత లోపలికి పోయి సభకు రాసుకున్న కాగితాలు తెచ్చింది. చించేస్తుందనుకున్నాను. వాటి మీద అడ్డంగా ఒక గీత గీసి, కింద ఈ రోజు జరిగింది రాసి, ఆయన చేతికిచ్చింది. తూర్పుగండి తావులో ఏమీ వినబడలేదని రాశానంది. ఏమీ వినబడకపోవడం కూడా చదువే కదవ్వా అంది.

మస్తాన్ బండి కూడా ఈ రోజే వచ్చింది. లైటర్ సంగతి విని మూటలు దించకుండా నిలబడిపోయాడు. నీ చేతులు చూసి తెచ్చినానవ్వా, ఇంత పనైతాదని నాకేం తెల్సు అన్నాడు. తెలియదు. ఎవరికీ తెలియదు. నువ్వు నా చేతులైనా చూశావు, ఇంకెవరూ చూడలేదన్నాను. అగ్గిపెట్టెలు వద్దు, ఇక బూడిదలో నిప్పే వాడుకుంటానన్నాను.

ఆఖరి దినం

కచేరీ పెద్దలకు నేను అడిగేది ఇది.

లైటర్‌ను గుడ్డలో చుట్టి ఈ కాగితంతో పంపుతున్నాను. ఎవరూ నొక్కకుండా చూసుకోండి. మూగతనం చెడింది నా ఇంట్లో నుంచే. దాన్ని దాచమన్నవాళ్ళు ఉన్నారు, నేనే దాచలేదు. దాచమన్న మాట పైన రాసే ఉంది, అది నా మీది ప్రేమతో అన్నది, తప్పు కింద రాసుకోవద్దు.

మొదట నన్ను ఇక్కడే ఉండనివ్వమని అడుగుదామనుకున్నాను. ఇప్పుడు ముందు ఇంకొకటి అడుగుతున్నాను. ఈ పాపకు ఇంకొక ఏడాది ఇవ్వండి. ఆమె వెతికింది. వెతకనిది ఒక్క ఇల్లే, అది వెతకాలని చెప్పవలసినదాన్ని నేను. మూడేళ్ళు పూస లేకుండా, అమ్మ గొంతు వినకుండా ఉండి, దొరికినదాన్ని తన చేత్తోనే గీత గీసి కొట్టేసిన పిల్ల మీకు ఇంకెక్కడ దొరుకుతుంది? ఈ మాట రాయడానికి పాప ఒప్పుకోవడం లేదు. రాయకపోతే అయ్యవారి చేత రాయిస్తానన్నాను. రాస్తోంది.

నా సంగతి. నన్ను దించి, ఈ కొట్టంలో పొట్లాల తిండి పెట్టెలు పెట్టి, వాటిని చూసుకోవడానికి ఇంకొకరిని తెస్తారు. వాళ్ళ ఇంట్లో కూడా మనిషి బతకడానికి కావలసినది ఏదో ఒకటి ఉంటుంది. గేటు కర్ర దాన్ని కూడా పట్టుకోలేదు. అది బయటపడేదాకా ఎన్ని అబద్ధపు చుక్కలు పలుకుతాయో. ఈ లోయలో మూలమూలా వెతికి చూసిన ఇల్లు ఇప్పుడు ఒక్కటే ఉంది, అది నాది. నన్ను తీసేసేముందు ఇది ఆలోచించుకోండి.

దించేదే ఐతే దించండి. నడిచే దిగుతాను, బండి అక్కరలేదు. నా చెవికి మాత్రం ఎవరూ చెయ్యి వేయవద్దు. కదిరప్ప గొంతు నాకు అక్కరలేదు, అతను గేటు దాకా వచ్చి పోయాడని తెలుసు, అది చాలు.

పలక వేసేదే ఐతే, ఇల్లు వెతకమని రాసిన చోట ఒక మాట కలపండి. నీకు తిండి పెట్టేవాళ్ళ ఇల్లు ముందు వెతుకు అని.

ఇంకా చెప్పాలనుంది గానీ, వాకిట్లోంచి కనబడుతోంది, గిన్నె మెడ తిప్పుతోంది. తూర్పుకే. అక్కడ ఏమీ లేదని తెలిసినా మిగిలిన కాలం వింటానని పాప అయ్యవారితో చెప్పింది. ఆమె లేవాలి, వంతుకు పోవాలి. నేను బూడిద కదిపి నిప్పు తీయాలి.

చెప్పింది రాసి, చదివి వినిపించగా విని, సరే అని వేసిన పసుపుల ఓబులమ్మ ఎడమచేతి బొటనవేలి ముద్ర. వేలు వణికినందువల్ల ముద్ర రెండుగా పడింది. రెండూ ఆమెవే.

రాసినది సంహిత. పై ఇంటిని పొయ్యి, గంప, పరుపు, మేక మెడతాడుతో సహా నేను స్వయంగా వెతికాను. లైటర్ తప్ప ఇంకేమీ దొరకలేదు.

సాక్షులు:
వేదాచలం, అయ్యవారు
సరుకుల బండి మస్తాన్ (వేలిముద్ర)